రాజీనామా కాగితం రాసేముందు
సందేహాలు – సమాధానాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే మాట చుట్టూ తిరిగాయి: "మారాలని ఉంది, భయంగా ఉంది." వాటిలో ఆరింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను. పేర్లు వేయొద్దని దాదాపు అందరూ కోరారు, వేయలేదు.

*

నా వయసు 36. పదమూడేళ్లుగా హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నాను. చేతికి 1,25,000 వస్తుంది. మా ఆవిడ ప్రైవేటు బ్యాంకులో పనిచేస్తుంది, తన జీతం 45 వేలు. ఫ్లాట్ ఈఎంఐ 41 వేలు. ఇద్దరు పిల్లలు. అమ్మానాన్నలు మా దగ్గరే ఉంటారు. కరోనా రోజుల్లో అపార్ట్‌మెంట్ పిల్లలకి లెక్కలు చెప్పడం మొదలుపెట్టాను, ఇప్పటికీ ఆదివారాలు చెప్తున్నాను. వారం మొత్తంలో నాకు ఇష్టమైన రెండు గంటలు అవే. స్కూల్ టీచర్‌గా మారిపోవాలని నాలుగేళ్లుగా అనుకుంటున్నాను. రాజీనామా మెయిల్ డ్రాఫ్టులోనే ఉంది. నాన్నగారితో అంటే "ఇల్లు కొన్నవాడు మాట్లాడే మాటలేనా ఇవి" అన్నారు. ఈ భయం పోయే దారి చెప్పండి.
– మియాపూర్, హైదరాబాద్

మీ భయం పోవాలని నేను కోరుకోవడం లేదు. 41 వేల ఈఎంఐ నెత్తిమీద పెట్టుకుని భయం లేకుండా రాజీనామా పంపేవాడిని చూస్తే నాకే భయం వేస్తుంది. అయితే మీ భయం అంతా ఒక్కటి కాదు. అందులో రూపాయలకి సంబంధించింది ఒకటి, తరగతి గదికి సంబంధించింది ఇంకొకటి, నలుగురి నోళ్లకి సంబంధించింది మరొకటి కలగలిసి ఉన్నాయి. నాలుగేళ్లుగా మీరు మూడింటికీ కలిపి ఒకే మందు వెతుకుతున్నారు.

ముందు రూపాయలు. హైదరాబాద్‌లో ఒక మాదిరి పేరున్న ప్రైవేటు స్కూల్లో కొత్తగా చేరే లెక్కల టీచరుకి 35 వేలు ఇస్తే మంచి జీతమే అనుకోవాలి. వచ్చే ఒకటో తారీఖు నుంచి మీ జీతంలో 35 వేలే ఇంటికి తెచ్చుకోండి. మిగిలిన 90 వేలూ పడగానే వేరే ఖాతాలోకి వెళ్లిపోవాలి, దాని ఏటీఎం కార్డు మీ ఆవిడ దగ్గర ఉండాలి. మీ 35, ఆవిడ 45, కలిపి 80. ఈఎంఐ పోగా 39 వేలు. ఆ 39 వేలలో ఆరుగురి తిండి, పిల్లల ఫీజులు, నాన్నగారి మందులు, పెట్రోలు అన్నీ జరగాలి. ఆరు నెలలు ఇలా బతికి చూడండి. రెండో నెలలోనే చేతులెత్తేస్తే మీ భయం నిజమే చెప్పిందన్నమాట. అప్పుడు చేయాల్సిన పని ఈఎంఐ తగ్గించుకోవడం. ఫ్లోటింగ్ వడ్డీ మీద ఉన్న గృహరుణానికి ముందుగా కట్టినందుకు బ్యాంకు జరిమానా వేయకూడదు, కాబట్టి పక్కన పెట్టిన డబ్బు అసలులోకి కట్టేయవచ్చు. ఆరు నెలలు గట్టెక్కితే ఖాతాలో 5,40,000 ఉంటుంది. అప్పుడు నాన్నగారితో మాట్లాడే గొంతే వేరుగా ఉంటుంది.

ఈ పదమూడేళ్లూ ఒకే కంపెనీలో అయితే మొత్తం సర్వీసుకి గ్రాట్యుటీ వస్తుంది. ఆఖరి నెల బేసిక్ (డీఏ ఉంటే అదీ కలిపి) ని 15తో గుణించి, 26తో భాగించి, సర్వీసు ఏళ్లతో గుణిస్తారు. మీ బేసిక్ 60 వేలు అనుకుంటే నాలుగున్నర లక్షలు. పీఎఫ్ మాత్రం తీయకండి, కొత్త చోటికి బదిలీ పెట్టుకోండి. పింఛను పథకంలో మీరు సభ్యులై ఉంటే పదేళ్లు దాటిపోయింది కాబట్టి 58 ఏళ్లకి పింఛను హక్కు ఎలాగూ మిగిలి ఉంటుంది.

ఇక మీ ఉత్తరంలో లేని విషయం ఒకటి. అమ్మానాన్నలు మీ దగ్గరే ఉన్నారన్నారు. వాళ్ల ఆరోగ్య బీమా మీ కంపెనీ పాలసీయేనా? అదే అయితే మీ ఆఖరి పనిరోజుతో అదీ ఆఖరు. నాన్నగారికి షుగరో బీపీయో ఉంటే, కొత్త పాలసీలో పాత జబ్బులకి మూడేళ్ల వరకూ ఆగాల్సి రావచ్చు. కాబట్టి రాజీనామాకి చాలా ముందే సొంత పాలసీ తీసుకోండి. లేదా కంపెనీ గ్రూపు పాలసీ నుంచి అదే బీమా సంస్థ వ్యక్తిగత పాలసీకి మారే వీలుందేమో హెచ్‌ఆర్‌ని అడగండి. ఉద్యోగం వదిలినవాళ్లని ఒక్కోసారి కూలదోసేది తగ్గిన జీతం కాదు, మొదటి ఏడాదిలో వచ్చిన ఆసుపత్రి బిల్లు.

రెండోది తరగతి గది. ఆదివారం మీ ముందు కూర్చునే కొద్దిమంది, నేర్చుకోవాలని వాళ్ల అమ్మలు పంపిన పిల్లలు. ఏడో తరగతి బి సెక్షను, మధ్యాహ్నం భోజనాల తర్వాత మొదటి పీరియడు వేరే ప్రపంచం. నలభై రెండు మంది. చివరి బెంచీలో ఒకడు నిద్ర, ఒకడు పక్కవాడి జామెట్రీ బాక్సుతో తాళం. భిన్నాల కూడిక మూడోసారి చెప్పాక కూడా పైవి పైకి, కిందివి కిందికి కూడేసి చూపించేవాళ్లు పదిమంది ఉంటారు. సాయంత్రానికి నలభై రెండు నోటుపుస్తకాలు దిద్దాలి. సిలబస్ ఎంతవరకు వచ్చిందని కోఆర్డినేటర్ అడుగుతుంది, మార్కులు ఎందుకు తగ్గాయని తల్లిదండ్రులు అడుగుతారు. మీకు తెలిసిన ఏదో ఒక స్కూల్లో అనుమతి తీసుకోండి. వారం రోజులు సెలవు పెట్టి, ఆ పీరియడ్లలో వెనక బెంచీలో కూర్చోండి. శుక్రవారానికి మీకు ఒళ్లు నొప్పులు వస్తే పరవాలేదు. సోమవారం మళ్లీ వెళ్లాలని ఉందా లేదా అనేదే చూసుకోండి.

ఇందులోనే ఒక చిక్కు ఉంది, ముందే తెలియడం మంచిది. పేరున్న స్కూళ్లు బీఈడీ అడుగుతాయి. ఇంజినీరింగ్ చదివినవాళ్లూ ఎడ్‌సెట్ రాయవచ్చు, కానీ కోర్సు రెండేళ్లు, కాలేజీకి వెళ్లి చదవాలి. ఇగ్నో దూరవిద్యలో చేద్దామంటే అది ఇప్పటికే టీచర్ శిక్షణ పొందినవాళ్లకి ఉద్దేశించింది, మీకు పనికిరాదు. హాజరు లేకుండానే సర్టిఫికెట్ ఇప్పిస్తామనే కాలేజీల గురించి మీ చెవిన పడే ఉంటుంది. పిల్లలకి లెక్కలు చెప్పబోయేవాడు ఆ లెక్కతో మొదలుపెట్టకూడదు. బీఈడీ అడగని చోట్లు ఉన్నాయి. ఎనిమిది నుంచి పది తరగతుల ఫౌండేషన్ కోచింగులు సాయంత్రం, శనివారం బ్యాచులకి బీటెక్ వాళ్లని తీసుకుంటాయి. ఉద్యోగంలో ఉండగానే అక్కడ ఒక ఏడాది చేసి చూడవచ్చు. అయితే రెండో ఉద్యోగానికి మీ కంపెనీ ఒప్పందం ఒప్పుకుంటుందో లేదో చదువుకోండి. మీ కంపెనీలోనే కొత్తగా చేరినవాళ్లకి శిక్షణ ఇచ్చే విభాగం ఉంటే, ఒక బ్యాచ్ నాకివ్వండని అడగడానికి ఖర్చేమీ లేదు.

మూడోది నలుగురి నోళ్లు. పెళ్లిలో భోజనాల బంతిలో ఎదురుగా కూర్చున్న బాబాయి "ఇప్పుడెక్కడ చేస్తున్నావురా?" అంటాడు. మీరు స్కూలు పేరు చెప్తారు. ఆయన ఒక క్షణం ఆగి "పోన్లే, ఆరోగ్యం ముఖ్యం" అంటాడు. దీనికి నా దగ్గర మందు లేదు. మొదటి ఏడాది నాలుగైదు పెళ్లిళ్లు భరించాలి, తర్వాత వాళ్లకే విసుగొస్తుంది. ఇరవై నాలుగేళ్ల సీనియర్ టీచరు మీకు బోర్డు మీద ఎలా రాయాలో చెప్తుంది. మన మధ్యతరగతి మగవాళ్లకి దీనికన్నా జీతం తగ్గడమే సులువేమో అని నాకు అనుమానం.

ఒక పరిశోధన సంగతి చెప్తాను. చికాగో ఆర్థికవేత్త స్టీవెన్ లెవిట్ ఒక వెబ్‌సైటు పెట్టి, ఉద్యోగం మానాలా వద్దా లాంటి ప్రశ్నలతో తేల్చుకోలేకపోతున్నవాళ్ల చేత నాణెం ఎగరేయించాడు. ఇరవై వేలకి పైగా సార్లు నాణెం ఎగిరింది. 2021లో అచ్చయిన ఆ వ్యాసం ప్రకారం పెద్ద నిర్ణయాల్లో మార్పు వైపు వెళ్లినవాళ్లు ఆరు నెలల తర్వాత, ఉన్నచోటే ఉండిపోయినవాళ్లకన్నా సంతోషంగా ఉన్నామన్నారు. దీన్ని పట్టుకుని డ్రాఫ్టులో మెయిల్ పంపేయకండి. వాళ్లంతా అటా ఇటా అని సగం సగంగా ఊగుతున్నవాళ్లు. ఆరు నెలల పరీక్ష అయ్యాక మీరూ అలాగే ఊగుతుంటే, అప్పుడు ఈ ఫలితం మీకు వర్తిస్తుంది. నేనైతే వెళ్లమనే అంటాను.

*

ఉద్యోగంలో చేరి ఏడాదిన్నర. మేనేజర్ నరకం చూపిస్తున్నాడు. ఇదంతా వదిలేసి ఫొటోగ్రఫీలోకి వెళ్లిపోదామనుకుంటున్నాను. కెమెరా ఇంకా కొనలేదు.
– గచ్చిబౌలి, హైదరాబాద్

ముందు టీమ్ మారండి. అది కుదరకపోతే కంపెనీ మారండి. కొత్త మేనేజర్ దగ్గర చేరిన ఆరు నెలలకి కూడా ఫొటోగ్రఫీ మీద మనసు అలాగే ఉంటే అప్పుడు రాయండి. కెమెరా ఈలోగా అద్దెకి దొరుకుతుంది.

*

బీఎస్సీ అగ్రికల్చర్ చదివాను. వయసు 29, ఓసీ. ఆరేళ్లుగా అశోక్‌నగర్లో రూమ్ తీసుకుని సివిల్స్‌కి చదువుతున్నాను. నాలుగు అటెంప్టులు అయ్యాయి, రెండుసార్లు మెయిన్స్ రాశాను, ఇంటర్వ్యూ దాకా రాలేదు. ఇంకా రెండు ఉన్నాయి. ఇంటిదగ్గర పొలం మీద అప్పు తెచ్చి పంపుతున్నారు. వదిలేద్దామని అనిపిస్తుంది. కానీ వదిలేస్తే ఈ ఆరేళ్లూ ఏమైపోయినట్టు? వేరే ఏదైనా చేయాలంటే చేతులు ఆడటం లేదు.
– అశోక్‌నగర్, హైదరాబాద్

మారాలంటే భయం అనగానే అందరూ ఉద్యోగం మానడమే అనుకుంటారు. చదవడం మానాలన్నా అంతే భయం అని మీ ఉత్తరం చెప్తోంది. సిటీ సెంట్రల్ లైబ్రరీ దగ్గర టీ బండి చుట్టూ నిలబడే వాళ్లలో మీలాంటివాళ్లు ఎందరో మీకే బాగా తెలుసు. పొద్దున ఏడింటికి కుర్చీలో పుస్తకం వేసి సీటు పట్టుకోవడం, కరెంట్ అఫైర్స్ నోట్సు, సాయంత్రం ఫలానావాడికి ఎన్ని మార్కులొచ్చాయనే చర్చ. అదే ఒక ఉద్యోగం అయిపోయింది, జీతం మాత్రం నాన్నగారు ఇస్తున్నారు.

ఆరేళ్లు ఏమైపోయినట్టు అంటే, అవి మీరు ఇంకో ఏడాది చదివినా వెనక్కి రావు, ఈ రోజే మానేసినా ఎక్కువ పోవు. 1985లో అచ్చయిన ఒక పరిశోధనలో ఆర్క్స్, బ్లూమర్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు అమెరికాలో ఒక నాటకశాలలో సీజన్ టికెట్లు కొన్నవాళ్లలో కొందరికి, వాళ్లకి తెలియకుండా ఎంపిక చేసి, ధర తగ్గించి ఇచ్చారు. పూర్తి ధర పెట్టినవాళ్లు సీజన్ మొదటి సగంలో ఎక్కువ నాటకాలకి వచ్చారు. నాటకాలు అందరికీ ఒకటే. డబ్బులు పెట్టాం కదా అని వచ్చారు. మీరు ఐదో అటెంప్టు రాయాలనుకుంటుంటే అది ఇలాంటి రావడమేనా అని ఆలోచించుకోండి.

నేను మిమ్మల్ని పూర్తిగా మానేయమనడం లేదు. కానీ మీరు చూసుకోవాల్సిన గడియారం సివిల్స్‌ది కాదు. సివిల్స్‌కి జనరల్ కేటగిరీలో 32 ఏళ్ల దాకా వయసుంది. బ్యాంకుల్లో అగ్రికల్చరల్ ఫీల్డ్ ఆఫీసర్ పోస్టులకి ఐబీపీఎస్ పెట్టే పరీక్షకి పరిమితి 30. నాబార్డ్ గ్రేడ్–ఎ ఆఫీసర్‌కీ 30. మీకు 29. మీ డిగ్రీ ఉన్నవాళ్ల కోసమే పెట్టిన ఒక తలుపు, ఇంకో తలుపు మీరు సివిల్స్ వైపు చూస్తుండగానే మూసుకుపోతున్నాయి. నాబార్డ్ మెయిన్స్‌లో ఆర్థిక, సామాజిక అంశాలు, వ్యవసాయం–గ్రామీణాభివృద్ధి ఉంటాయి. మీరు ఆరేళ్లుగా చదువుతున్నవే. కాబట్టి ఈ ఏడాది ఆ రెండు నోటిఫికేషన్లకే మొదటి చోటు ఇవ్వండి. సివిల్స్ ప్రిలిమ్స్ తేదీ కుదిరితే రాయండి, కుదరకపోతే వదిలేయండి. చేతిలో ఉద్యోగం ఉండి ఆఖరి అటెంప్టు రాసేవాడికీ, పొలం అప్పు మీద రాసేవాడికీ పరీక్ష హాల్లో చాలా తేడా ఉంటుంది.

ఇంకొక్కటి. నాన్నగారికి ఈ వారమే ఫోన్ చేసి అప్పు ఎంతైందో అడగండి. ఇప్పటిదాకా అడగలేదని మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది. ఆ అంకె వినడమే మీకు అన్నిటికన్నా కష్టం కావచ్చు. కానీ ఎన్నాళ్లు చదవాలో తేల్చేది అదే.

*

ప్రైవేటు స్కూల్లో టీచరుని, జీతం 14 వేలు. పచ్చళ్లు, పొడులు బాగా పెడతానని అందరూ అంటారు. నెలకి పాతిక ముప్పై సీసాలు అమ్ముతున్నాను. స్కూలు మానేసి పూర్తిగా ఇందులోకి దిగాలని ఉంది. మానేశాక ఆర్డర్లు ఆగిపోతే ఎలా అని మావారు అంటున్నారు. నాకూ అదే భయం.
– రాజమహేంద్రవరం

అమ్మా, మీకో అదృష్టం ఉంది, మీరు గమనించినట్టు లేరు. బడికి సెలవులూ ఆవకాయ కాలమూ ఒకేసారి వస్తాయి. ఏప్రిల్ ఆఖరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా మీరు స్కూలు మానకుండానే పూర్తిస్థాయి వ్యాపారి. చాలా స్కూళ్లకి వేసవి జీతం ఎగ్గొట్టే అలవాటు ఉంది కాబట్టి బహుశా ఆ నెలలు మీకు ఇప్పుడు కూడా ఖాళీ నెలలే. ఈ వేసవిని పరీక్షగా పెట్టుకోండి.

పరీక్ష అంటే ఎన్ని సీసాలు పోయాయని కాదు. ఒక సీసాకి నిజంగా ఎంత పడిందో రాయండి. కాయలు, కాయ కొట్టినతని కూలి, ఆవపిండి, కారం, ఉప్పు, వెల్లుల్లి, నువ్వులనూనె, సీసా, మూత, సీలు, అట్టపెట్టె, కొరియరు. ఆ తర్వాత అందరూ వదిలేసేది రాయండి: ముక్కలకి జీడి తీసి, పొడిగుడ్డతో ఒక్కొక్కటీ తుడిచి కలిపే దాకా మీరూ మీ అత్తగారూ కూర్చున్న గంటలు. ఆ గంటలకి కూలి కట్టాక కూడా సీసా మీద మిగిలితే అది వ్యాపారం. మిగలకపోతే మీరు బంధువులకి సాయం చేస్తున్నారు. ఇప్పుడు కొనే పాతికమందిలో మీవాళ్లు ఎందరో, ముక్కూమొహం తెలియనివాళ్లు ఎందరో విడదీయండి. రెండో రకం వాళ్లు రెండోసారి ఆర్డరు పెట్టినప్పుడే లెక్కలోకి తీసుకోండి.

సరుకు దెబ్బతినేది చాలాసార్లు వంటగదిలో కాదు, దారిలో. ఆవకాయ నూనె మూత సందుల్లోంచి కారి అట్టపెట్టె ఎర్రబడి బెంగళూరులో దిగితే, కొనుక్కున్నావిడ ఫొటో తీసి అందరికీ పంపుతుంది. మీ ఊళ్లోనే ఉన్న చుట్టాలింటికి ఒక సీసా కొరియర్లో తలకిందులుగా పంపి చూడండి. ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్లోనే అవుతుంది, చిన్న వ్యాపారానికి ఫీజు పెద్దదేం కాదు. ఆ 14 అంకెల నంబరు, తయారైన తేదీ, బరువు లేబుల్ మీద ఉండాలి. ఇంట్లో చేసేవాటికి ఇవన్నీ ఎందుకనే వాళ్ల మాట వినొద్దు.

అసలు పరీక్ష జూలై తర్వాత. ఆవకాయ ఏడాదికోసారి కొంటారు. నెలనెలా డబ్బు తెచ్చేవి కందిపొడి, కరివేపాకు పొడి, నువ్వులపొడి, గోంగూర. చలికాలంలో ఉసిరి, మాఘం దాటాక పండుమిరప. వేసవి వదిలేసి, జూలై నుంచి జనవరి వరకు ఏడు నెలల సగటు చూడండి. అన్ని ఖర్చులూ పోను నెలకి 14 వేలు దాటితే జూన్‌లో స్కూలు తెరిచేటప్పుడు మానేయండి. మధ్యలో మానితే పిల్లల పరీక్షలు పాడవుతాయి, మీ పేరూ పోతుంది. మీ మొదటి కొనుగోలుదారులు ఆ పిల్లల తల్లులే కదా. అప్పటిదాకా ముద్ర లోనూ వద్దు, గ్రైండరూ వద్దు. ఉన్న మిక్సీ కాలిపోయేంత ఆర్డర్లు వచ్చాక మిషను కొందురుగాని.

*

నేను రిటైర్డ్ టీచర్ని. మా అబ్బాయి బెంగళూరులో మంచి ఉద్యోగం మానేసి బేకరీలో ట్రైనీగా చేరాడు. వచ్చిన సంబంధం వెనక్కి వెళ్లిపోయింది. అడిగితే "ఎన్టీఆర్ సబ్‌రిజిస్ట్రార్ ఉద్యోగం వదల్లేదా? బ్రహ్మానందం లెక్చరర్ కాదా?" అంటున్నాడు. ఏం చెప్పాలో తోచడం లేదు.
– తెనాలి

మాస్టారూ, అబ్బాయి చెప్పిన రెండూ నిజమే. ఎన్టీఆర్ 1947లో మూడు వారాలు పనిచేసి వదిలేశారు. బ్రహ్మానందం అత్తిలిలో తెలుగు లెక్చరర్. కానీ ఉద్యోగం వదిలి మద్రాసు రైలెక్కి, కోడంబాక్కంలో కొన్నేళ్లు పస్తులుండి తిరిగొచ్చినవాళ్ల పేర్లు మీ అబ్బాయికి తెలియవు, నాకూ తెలియవు, ఎవరూ రాసిపెట్టలేదు. ఉదాహరణలతో వాదించుకుంటే మీరిద్దరూ తేలరు.

ఇలాంటి కథల్లో అబ్బాయి చూడని సంగతి ఒకటి ఉంది. బ్రహ్మానందం లెక్చరర్‌గా ఉంటూనే మిమిక్రీ చేసేవారు. కె.విశ్వనాథ్ వాహినీ స్టూడియోలో శబ్దగ్రహణ విభాగంలో మొదలై, ఆదుర్తి సుబ్బారావు దగ్గర సహాయకుడిగా చేసి దర్శకుడయ్యారు. ఒకే ఆవరణలో ఈ గదిలోంచి ఆ గదిలోకి మారినట్టు. గీతరచయిత సిరివెన్నెల టెలిఫోన్ శాఖలో ఉద్యోగం చేస్తూనే రాసుకున్నారు. దూకడానికి ముందు వీళ్లందరికీ ఏళ్ల తరబడి చేసిన సాధన ఉంది. కాబట్టి అబ్బాయిని "ఎందుకు మానేశావ్" అని అడగడం ఆపి, ఎప్పటినుంచి చేస్తున్నావు, ట్రైనీగా ఎన్నాళ్లు ఉంటావు, దాచుకున్నది ఎన్ని నెలలకి వస్తుంది అని అడగండి. తడబడకుండా జవాబు చెప్పాడా, మీకంటే ముందే అన్నీ ఆలోచించుకున్నాడన్నమాట. తడబడితే ఆ లెక్కలు మీరు దగ్గరుండి చేయించండి. నలభై ఏళ్లు మీరు చేసిన పని అదే.

సంబంధం సంగతంటారా, ఉద్యోగాన్ని చూసి వచ్చినవాళ్లు ఉద్యోగం పోగానే వెళ్లారు. పెళ్లయ్యాక ఏ లే ఆఫో వచ్చి ఇదే జరిగి ఉంటే ఎలా ఉండేది?

*

ఇప్పటి కంపెనీలో 4 సంవత్సరాల 10 నెలలు పూర్తయ్యాయి. బేసిక్ 40 వేలు. నోటీసు పీరియడ్ 90 రోజులు. వేరే రంగంలో ఆఫర్ వచ్చింది, తొందరగా చేరమంటున్నారు. గ్రాట్యుటీకి ఐదేళ్లు నిండాలి కదా, రెండు నెలలు ఆగి రాజీనామా ఇవ్వనా?
– విశాఖపట్నం

ఆగనక్కర్లేదు. సర్వీసు లెక్కించేది రాజీనామా ఇచ్చిన రోజు వరకు కాదు, ఆఖరి పనిరోజు వరకు. నోటీసు కాలం అందులో కలుస్తుంది. ఈ రోజు రాజీనామా ఇచ్చి 90 రోజులూ పనిచేస్తే ఐదేళ్ల ఒక నెల అవుతుంది. మీ బేసిక్ మీద గ్రాట్యుటీ సుమారు 1,15,000. ఒక్క జాగ్రత్త: కొత్తవాళ్లు తొందరపెడుతున్నారని నోటీసు డబ్బు కట్టేసి ముందే బయటపడితే ఇది చిక్కుల్లో పడవచ్చు. పాతవాళ్లే ముందుగా రిలీవ్ చేస్తామన్నా అదే గతి. అందుకని రాజీనామా మెయిల్లోనే ఆఖరి పనిరోజు తేదీ స్పష్టంగా రాయండి, దాన్ని ఒప్పుకుంటూ హెచ్‌ఆర్ నుంచి జవాబు వచ్చాకే కొత్త చోట చేరే తేదీ ఖాయం చేసుకోండి.